పెంచలయ్యగారికి అందిన హక్కు

ప్రభుత్వాలు మాట ఇవ్వడానికి ఎప్పుడూ వెనకాడవు. ఇచ్చిన మాటని ఎక్కడ పెట్టామో వెతుక్కోవడం దగ్గరే చిక్కంతా వస్తుంది. నాలుగేళ్ళ కిందట విదేశంలో ఎక్కడో జరిగిన పెద్ద సభలో మనవాళ్ళు మానవ హక్కుల మీద నూట డెబ్భై నాలుగు హామీలిచ్చి, చప్పట్లు కొట్టించుకుని, ఫొటోలు దిగి వచ్చారు. ఆ హామీల కాగితం ఏ బీరువాలో ఉందో కూడా మరిచిపోయి అందరూ హాయిగా ఉన్న సమయంలో అక్కణ్ణుంచి ఉత్తరం వచ్చింది. ఈ నెల ముప్పయ్యో తేదీన మళ్ళీ సభ ఉందనీ, ఏ హామీ ఎంతవరకు వచ్చిందో లోకంలో ఎవరైనా ఇంట్లో కూర్చుని చూసుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టమనీ అందులో ఉంది.

రాజధానిలో గుండెల్లో రాయి పడింది. వెంటనే ఒక కంపెనీని పిలిపించారు. పాడి గేదెల పంపిణీ పథకానికి ఇదివరకు పోర్టల్ తయారుచేసిన కంపెనీ అది. కొత్తది తయారుచెయ్యడానికి వ్యవధి చాలదు కనక వాళ్ళు పాతదాన్నే బయటికి తీసి, 'గేదె' అని ఉన్న చోటల్లా 'హక్కు' అని మార్చి, పైన 'హామీ దర్పణం' అని పేరు పెట్టి అప్పగించారు. మంత్రిగారు మీట నొక్కారు. హామీలన్నీ మండలాలవారీగా లక్ష్యాలైపోయాయి. నెరవేరినవి పచ్చగా, నెరవేరనివి ఎర్రగా కనిపించే బోర్డు ఒకటి తయారై, మూడో తేదీ బుధవారం ఉదయం వేములదొడ్డి తహసీల్దారు కార్యాలయంలో, మండల గణాంకాధికారి పెంచలయ్యగారి కంప్యూటర్లో ప్రత్యక్షమైంది. పైనుంచి కిందిదాకా ఎర్రగా ఉంది.

పెంచలయ్యకి యాభై రెండేళ్ళు. ఎన్ని మిల్లీమీటర్ల వాన పడింది, ఎన్ని ఎకరాల్లో కంది వేశారు అని రాసి పైకి పంపడం ఆయన ఉద్యోగం. భార్య ధనకోటి కందుకూరులో స్టాఫ్ నర్సు. మూడు బస్సులు మారితే గాని చేరని దూరం. మమ్మల్ని ఒకచోట ఉంచండి మహాప్రభో అని పదకొండేళ్ళుగా అర్జీలు పెడుతూనే ఉన్నాడు. వాళ్ళది రెండో శనివారాల కాపురం. అలాంటిది, ఆ బుధవారమే బదిలీ ఉత్తర్వు కూడా వచ్చింది. కందుకూరుకే. ముప్పయ్యో తేదీ సాయంత్రం ఐదులోగా అక్కడ చేరాలి, చేరకపోతే ఉత్తర్వు రద్దు.

"ధనా, వచ్చింది" అన్నాడు ఫోన్లో.

"కాగితం చేతికొచ్చిందా, వస్తదని ఎవరన్నా చెప్పారా?"

"చేతిలోనే ఉండాది."

"రెండో మంచం కొంటా అయితే" అంది ధనకోటి. ఆ మాటకి పెంచలయ్య కళ్ళు చెమర్చాయి.

కానీ దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వాలి కదా. తహసీల్దారు పరంధామరావుగారు ఉత్తర్వుని రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు. ఆయన ఇంట్లో కాఫీ అడిగినా ఆఫీసు భాషలోనే అడుగుతారని ప్రతీతి.

"మీ బదిలీ పట్ల ఈ కార్యాలయం హర్షం వ్యక్తం చేయుచున్నది. అయితే పరిపాలనా అవసరాల దృష్ట్యా, బోర్డు నూటికి నూరు శాతం పచ్చబడిన పిమ్మట మాత్రమే మిమ్ములను విధుల నుండి విడుదల చేయుట జరుగును."

"ఎన్నున్నాయి సార్ మనకి?"

"ఎన్ని ఉన్నను పచ్చబడవలెను."

పెంచలయ్య పని మొదలుపెట్టాడు. పోర్టల్ గేదెలకోసం పుట్టింది కాబట్టి దాని బుద్ధులన్నీ గేదెల బుద్ధులే. ప్రతి హక్కుకీ ఒక లబ్ధిదారు ఉండాలి. ఒక మనిషికి ఏడాదికి ఒక్క హక్కే. హక్కు అందుకుంటూ ఫొటో దిగాలి, లబ్ధిదారు వేలిముద్ర వేయాలి, దాని కింద అధికారి కూడా తన బొటనవేలు వేయాలి. చెవి పోగు నంబరు అనే గడి నింపకపోతే అసలు ముందుకే పోదు. పెంచలయ్య కంపెనీకి ఫోన్ చేసి ఇదేందయ్యా అంటే, "సున్నాలు కొట్టండి సార్, తీసుకుంటుంది" అన్నారు. ఆ విధంగా వేములదొడ్డి మండలంలో మానవ హక్కులు పొందిన ప్రతి మనిషికీ చెవి పోగు నంబరు నాలుగు సున్నాలు.

ఆఫీసు ఆవరణలో షామియానా వేసి హక్కుల పంపిణీ మేళా పెట్టారు. భావ ప్రకటనా స్వేచ్ఛకి లక్ష్యం నలభై. ఒక్కొక్కరికి మైకు దగ్గర రెండు నిమిషాలు. ఎస్సీ పేట నుంచి వచ్చిన గాలెమ్మ అనే ముసలామె మైకు పట్టుకుని, మా పేటకి పోయే కల్వర్టు కూలి రెండేళ్ళయింది, పిల్లలు బడికి కాలవలో దిగిపోతన్నారు అని గట్టిగా చెప్పింది. ఫొటో తీశారు, వేలు వేయించారు. ఆమె గడి పచ్చబడింది.

"అయితే కల్వర్టు ఎప్పుడు కడతారు నాయనా?" అంది గాలెమ్మ.

"ఇది చెప్పే హక్కమ్మా. కట్టేది ఇందులోకి రాదు" అన్నాడు పెంచలయ్య.

గాలెమ్మ మర్నాడు మళ్ళీ వచ్చింది. నిన్న సరిగా చెప్పలేదేమో, ఇంకోసారి చెప్తానంది. పెంచలయ్య ఆమె పేరు కొట్టి చూశాడు. ఈ ఏడాదికి ఆమె స్వేచ్ఛ అయిపోయిందని ఎర్రక్షరాలతో వచ్చింది.

"ఏప్రిల్ తర్వాత రామ్మా."

"అప్పటిదాకా నోరు మూసుకోవాల్నా?"

"మూసుకోమని రూలేం లేదు. తెరిస్తే ఎక్కించుకోడానికి కుదరదు, అంతే."

పెంచలయ్యకి ఆ మాట అంటుంటే సిగ్గేసింది. కానీ బోర్డు పచ్చబడుతోంది, తేదీలు తరుగుతున్నాయి.

చిత్రహింస నుండి రక్షణ దగ్గర బండి ఆగింది. లక్ష్యం ఇరవై ఐదు. ఎస్సై ఉదయభాస్కర్ టోపీ చంకలో పెట్టుకుని వచ్చాడు. చెప్పిన పని చేసే మనిషి. అయితే ఏం చెయ్యాలో అర్థం కావాలి.

"కొట్టకుండా ఉండాలంటే ముందు మనిషిని పట్టుకురావాల గదా సార్. ఇంట్లో కూర్చున్నోణ్ణి నేను కొట్టలేదని ఎట్టా చూపించేది?"

ప్రశ్నలో న్యాయం ఉంది. పరంధామరావుగారు జిల్లాకి రాశారు. స్థానిక పరిస్థితులకు అనుగుణంగా సముచిత నిర్ణయం తీసుకోగలరు అని జిల్లా నుంచి వచ్చింది. దాంతో ఇరవై ఐదుగురిని జీపులో తెచ్చి, స్టేషన్ బెంచీ మీద వరసగా కూర్చోబెట్టి, గంటసేపు ఎవరినీ ఏమీ అనకుండా ఉంచారు. ముందొక ఫొటో, తర్వాతొక ఫొటో. పాతకాలపు హెడ్ కానిస్టేబుల్ ఒకాయనకి ఆ గంట గడవడం కష్టమై చేతులు నలుపుకుంటుంటే, ఆయన్ని బయట ట్రాఫిక్ చూడమని పంపారు. ఉప్మా, టీ ఇచ్చారు. రెండో రోజు జనమే వచ్చి, మమ్మల్ని కూడా కొట్టకండి సార్ అని వరసలో నిలబడ్డారు. లక్ష్యం పూర్తయిందని చెప్పి తిప్పి పంపాల్సివచ్చింది.

ఇరవై ఐదో తేదీకి బోర్డంతా పచ్చబడింది, ఒక్క గడి తప్ప. కారణం లేకుండా నిర్బంధించినవారిని విడుదల చేయుట, లక్ష్యం పన్నెండు.

"మా స్టేషన్లో ప్రస్తుతానికి కారణం లేకుండా ఎవురూ లేరు సార్" అన్నాడు ఎస్సై, సరుకు లేదని చెప్పే కొట్టువాడిలా మొహమాటపడుతూ.

"లేనియెడల సమకూర్చుకోవలెను" అన్నారు పరంధామరావుగారు.

సమకూర్చారు. టీ అంగడి దగ్గర నలుగురు, బస్టాండులో ముగ్గురు, పెళ్ళిభోజనానికి పోతూ నలుగురు. పట్టుకుని, కారణం అనే గడిలో 'లేదు' అని కొట్టి, లాకప్పులో పెట్టి వేలిముద్ర, తీసి వేలిముద్ర. పది నిమిషాల పని. కానీ ఈసారి ఉప్మా లేదు. కథ ఊళ్ళో పాకింది. పదకొండో మనిషి తర్వాత జీపు కనిపిస్తే చాలు, మగవాళ్ళు మొక్కజొన్న చేలల్లో పడి పరుగు. ఇరవై తొమ్మిదో తేదీ మధ్యాహ్నానికి ఒక్కడంటే ఒక్కడు దొరకలేదు. ఆఫీసులోవాళ్ళని వేద్దామంటే అందరూ ఏదో ఒక హక్కు పొందినవాళ్ళే. అటెండరు మత స్వేచ్ఛ తీసుకున్నాడు. జీపు డ్రైవరు సమావేశ స్వేచ్ఛ. పరంధామరావుగారు స్వయంగా విశ్రాంతి హక్కు స్వీకరించి ఉన్నారు.

జాబితా మొత్తం తిరగేస్తే మండలంలో ఇంతవరకు ఏ హక్కూ పొందని ఉద్యోగి ఒక్కడే తేలాడు. అందరికీ పంచిపెట్టినవాడు, పెంచలయ్య.

"రిలీవింగ్ ఉత్తర్వు టైపు చేయబడియున్నది" అన్నారు తహసీల్దారుగారు, కాగితం చూపిస్తూ. "సంతకము మాత్రమే కొరవ. గడి పచ్చబడిన మరుక్షణమే చేయబడును."

పెంచలయ్య ఆ కాగితం వంక చూశాడు. పొద్దున్నే మొదటి బస్సు ఎక్కితే మధ్యాహ్నానికి కందుకూరు. పది నిమిషాలే కదా అనుకుని, వేలిముద్ర యంత్రం తనే చంకన పెట్టుకుని స్టేషనుకి నడిచాడు. రోట్లో తల ఎలా పెడతారో అంతకన్న వివరంగా ఎవరూ చూపించలేరు. లోపలికి వెళ్ళాడు, కారణం లేదు అని తనే కొట్టుకున్నాడు, వేలు వేశాడు. తీసుకుంది. ఎస్సై తాళం వేశాడు. ఫొటో తీశారు. ఊచల్లోంచి చెయ్యి చాపి విడుదలకి వేలు వేశాడు. 'వేలిముద్ర సరిపోలలేదు' అని వచ్చింది.

మళ్ళీ వేశాడు. సరిపోలలేదు. కొబ్బరినూనె రాశారు, నిమ్మకాయ రుద్దారు, హెడ్ కానిస్టేబుల్ విభూది తెచ్చి అద్దాడు. ఊహూఁ. మరి రోజుకి మూడువందల సార్లు, ఇరవై ఆరు రోజులు, అందరి హక్కుల కిందా నొక్కిన బొటనవేలు అది. గీతలన్నీ అరిగిపోయి గుండ్రాయిలా అయింది. ఆఖరి గీత కాస్తా లోపలికి పోయేటప్పుడు ఖర్చయింది. పోనీ తహసీల్దారుగారు వేద్దామంటే, నమోదు చేసిన అధికారే ముగించాలని పోర్టల్ పట్టు. గేదెని తోలుకొచ్చినవాడే అప్పగించాలి మరి.

"తలుపు తియ్యండి భాస్కర్‌గారూ, పోతాను" అన్నాడు పెంచలయ్య.

"తీస్తే తప్పించుకున్నట్టు పడుద్ది సార్. ఆ కెమెరా బోర్డుకే కలిపుండాది. నాకు సస్పెన్షన్, మీకు కేసు."

పెంచలయ్య తల పైకెత్తి కెమెరా వంక చూశాడు. చిత్రహింస గడికోసం దాన్ని పెట్టించింది తనే.

ముప్పయ్యో తేదీ పొద్దున వీడియో సమావేశం. ఇరవై నాలుగు గంటలు దాటితే గడి ఎర్రబడుతుంది. అవతల సభ మొదలవబోతోంది. రాజధానిలో కమిషనరుగారి ముఖం అప్పటికే ఎర్రబడింది. "ఒక వ్యక్తి నిమిత్తం రాష్ట్ర ప్రతిష్ఠకు భంగం వాటిల్లరాదు. ప్రత్యామ్నాయ మార్గాలు అన్వేషించబడవలెను" అన్నారు. కంపెనీ ఇంజనీరు గొంతు సవరించుకుని ఉపాయం చెప్పాడు. పాత పోర్టల్లో గేదె ఒకేచోట ఒక రాత్రి గడిపితే అక్కడ పాక కట్టినట్టు చూపించే వీలుంది. ఆ మీట ఇంకా పనిచేస్తోంది. అది నొక్కితే నిర్బంధం అనే పేరు పోయి నివాసం అని వస్తుంది.

నొక్కారు. పెంచలయ్య పన్నెండో నిర్బంధితుడు కాకుండా పోయాడు. లక్ష్యం పదకొండుకి సవరించారు. వేములదొడ్డి పోలీసు స్టేషన్ లాకప్పు, పది అడుగులు ఎనిమిది అడుగులు, అందరికీ గూడు అనే హామీ కింద శ్రీ పెంచలయ్యగారికి శాశ్వత నివాసంగా మంజూరైంది. బోర్డు మొత్తం పచ్చగా మెరిసింది. తాళం తీస్తే మళ్ళీ ఏ గడి ఎర్రబడుతుందోనని తలుపు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. మండలం రాష్ట్రంలో ప్రథమం. పరంధామరావుగారికి జ్ఞాపిక ప్రకటించారు. విదేశంలో సభవాళ్ళు మన బోర్డుని పెద్ద తెరమీద చూసి ఇంత పచ్చదనం ఇదివరకు చూడలేదన్నారు.

సాయంత్రం ఐదయింది. పెంచలయ్య గోడ గడియారం చూస్తూ కూర్చుని, ముల్లు దాటాక మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాడు. పదకొండేళ్ళ అర్జీలు పది నిమిషాల్లో బుగ్గయ్యాయి. తన చేతులారా చేసుకున్నదే కాబట్టి తిట్టడానికి కూడా మనిషి దొరకలేదు. ఫోన్ మోగింది.

"చేరారా?" అంది ధనకోటి.

"లేదు ధనా. చేరలేకపొయినా."

"యాడుండారు ఇప్పుడు?"

"రికార్డు ప్రకారం ఇంట్లోనే ఉండా" అని, జరిగిందంతా చెప్పాడు. ధనకోటి అంతా విని, "అన్నం పెడుతున్నారా?" అని మాత్రం అడిగింది.

మర్నాడు పొద్దున బోర్డులో ఒక గడి ఎర్రబడింది. కుటుంబాన్ని విడదీయరాదు అనే హామీ. దానికి మన మండలంలో లక్ష్యమే లేదు కదా అని పరంధామరావుగారు కంగారుపడి కంపెనీకి ఫోన్ చేశారు. విషయం తేలింది. గేదెల పథకంలో తల్లినీ దూడనీ వేరు చేయకూడదని నియమం ఉంది. పాక ఒకచోటా జత ఇంకొకచోటా ఉంటే పోర్టల్ దానంతట అదే పసిగట్టి, సంబంధిత శాఖకి ఉత్తర్వు పంపిస్తుంది. ఈసారీ పంపేసింది. నలభై ఎనిమిది గంటల్లో దూడను పాకకు చేర్చవలెను అని. దూడ అనే మాట మార్చడం వాళ్ళు మరిచిపోయారు.

పదకొండేళ్ళు మనుషులు చదివినా కదలని పని, మనిషి చదవకుండా గంటలో అయిపోయింది. బోర్డుకి ఎదురు చెప్పే ధైర్యం ఏ శాఖకి ఉంటుంది? స్టాఫ్ నర్సు ధనకోటిని వేములదొడ్డి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి బదిలీ చేసి, ఆ మధ్యాహ్నమే పంపించారు. వాహనం కూడా బోర్డే ఏర్పాటు చేసింది. పశువుల్ని తరలించే వ్యాను. వెనకాల మంచాలు రెండూ ఎక్కించుకుని, ధనకోటి ముందు సీట్లో కూర్చుని వచ్చింది.

స్టేషన్ గుమ్మంలో పరంధామరావుగారు పూలగుత్తితో ఎదురొచ్చారు. ఫొటోకి మనిషి సిద్ధంగా ఉన్నాడు. ఎస్సై వేలిముద్ర యంత్రం పట్టుకుని నిలబడ్డాడు. ఐదింటికి ఆ రోజు లెక్క పైకి పోతుంది, ఆలోగా ఆమె వేలు పడకపోతే ఎరుపు రాష్ట్రమంతటా కనిపిస్తుంది. నాలుగున్నర అయింది.

ధనకోటి పూలగుత్తి తీసుకోలేదు. ఊచల దగ్గరికెళ్ళి మొగుడి వంక చూసింది. గడ్డం మాసింది, కళ్ళు లోపలికి పోయాయి. ఊచల్లోంచి ఆయన చెయ్యి తీసుకుని, బొటనవేలు తిప్పి చూసి వదిలింది. తర్వాత వెనక్కి తిరిగింది.

"ఈ ఇల్లు ఎవరి పేరన ఉందండీ?"

"మీవారి పేరిటనే మంజూరు చేయబడినదమ్మా" అన్నారు పరంధామరావుగారు గర్వంగా. "శాశ్వత ప్రాతిపదికన."

"తాళంచెవి?"

"స్టేషన్లో ఉంటుందమ్మా" అన్నాడు ఎస్సై.

"ఇంటి తాళంచెవి ఇంటోళ్ళ కాడ లేకపోతే అది ఇల్లెట్టా అవుతుంది? నేనీడ వేలు వెయ్యను."

పరంధామరావుగారు గడియారం చూశారు. ఎస్సై పరంధామరావుగారిని చూశాడు. "లాకప్పు తాళం సార్" అని గొణిగాడు. "లాకప్పు అను పదము రికార్డులో లేదు. నివాసము" అన్నారు తహసీల్దారుగారు, నుదురు తుడుచుకుంటూ. "తక్షణమే అప్పగించబడవలెను."

నాలుగూ యాభై రెండుకి తాళంచెవి ధనకోటి చేతికొచ్చింది. యాభై మూడుకి వేలు వేసింది. గడి పచ్చబడింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ధనకోటి తలుపు తీసింది.

"రండి, పోదాం."

"కెమెరా ఉంది ధనా" అన్నాడు పెంచలయ్య భయంగా.

"సొంతింట్లోంచి బయటికొస్తే తప్పించుకున్నట్టా?"

పెంచలయ్య కెమెరా వంక చూస్తూనే గడప దాటాడు. ఏ గడీ ఎర్రబడలేదు. ధనకోటి తలుపు దగ్గరికి లాగి, బయట తాళం వేసి, లాగి చూసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. ఇద్దరూ వ్యాన్లో మంచాలతో సహా పెంచలయ్య అద్దె గదికి వెళ్ళిపోయారు. పదకొండేళ్ళకి ఒక గదిలో రెండు మంచాలు పడ్డాయి. పెంచలయ్య వాటిని దగ్గరికి జరిపి, మళ్ళీ ఎవరైనా చూస్తారేమోనని కొంచెం ఎడంగా జరిపి, ఎవరు చూస్తే నాకేంటని మళ్ళీ దగ్గరికి జరిపాడు.

నాలుగు రోజుల తర్వాత పొద్దు వాలుతుండగా ఎస్సై ఆ గది ముందు జీపు ఆపాడు. వెనక సీట్లో వెంగయ్య అనే కూలీ మనిషి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. సర్పంచి బావమరిది పొలంలో బోరు మోటారు ఎవరో ఎత్తుకుపోయారు. వెంగయ్య మొన్న పంచాయతీ మీటింగులో ఆ బావమరిదికి ఎదురు మాట్లాడాడు.

"అమ్మా, ఒక్క రెండు రోజులు మీ ఇల్లు కావాల" అన్నాడు ఎస్సై టోపీ తీసి. తాళం పగలగొడితే ఇల్లు కూల్చినట్టు పడుతుందని అప్పటికే కంపెనీని అడిగి తెలుసుకున్నాడు.

ధనకోటి వంకాయలు తరుగుతోంది. కత్తిపీట పక్కకి పెట్టి బయటికొచ్చి జీపులోకి చూసింది.

"ఇస్తాగాని, ఇంట్లో ఎవర్ని పెట్టుకుంటన్నామో మాకు తెలియాల గదయ్యా. ఈయన్ని ఎందుకు పట్టుకొచ్చినారో ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టియ్యండి. చదువుకుని తాళంచెవి ఇస్తా."

పెంచలయ్య లోపల్నుంచి కాగితం, పెన్ను తెచ్చాడు. ఎస్సై మెట్టు మీద కూర్చున్నాడు. వెంగయ్య పేరు రాశాడు, తండ్రి పేరు అడిగి రాశాడు, ఊరు రాశాడు. కారణం అని రాసి రెండు చుక్కలు పెట్టాడు. పెన్ను అక్కడే ఆగింది. కాసేపు ఆకాశం వంక చూశాడు, కాసేపు సర్పంచి ఇల్లున్న వైపు చూశాడు. ఆ స్టేషన్లో ఆ మాట తర్వాత ఏం రాయాలో ఆయన్ని ఇదివరకు ఎవరూ అడగలేదు. చివరికి కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వు ఇంటికి పోరా వెంగయ్యా" అన్నాడు.

వెంగయ్య కదల్లేదు. ఇది కూడా ఏదో పథకమేమో అనుకున్నాడు.

"పొమ్మంటున్నా గదా."

వెంగయ్య జీపు దిగి, ధనకోటికి దండం పెట్టి, ఎవరైనా ఫొటో తీసేలోగా గబగబా ఇంటికి వెళ్ళిపోయాడు.